రెండు గంటలు కూర్చోగలరా?

సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో మా వీధి మలుపులో ఒక ఆటో వచ్చి ఆగేది. ఆ అబ్బాయి ఇంజను ఆపకుండానే హారను రెండుసార్లు చిన్నగా మోగించేవాడు. లోపల మా అత్తయ్య ఉన్నారని నాకు అదే గుర్తు. పొయ్యి కట్టేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వెళ్ళేసరికి ఆవిడ వెనక సీట్లో నిటారుగా కూర్చుని ఉండేవారు. ఒళ్ళో చిన్న మూట. మూటలో రెండు జాకెట్లు, ఒక దువ్వెన, ఒక్కోసారి వంటింట్లోని గరిటె. "అమ్మగారూ, మామ్మగారు కొల్లూరు బస్సు అడిగారు. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది, పొద్దున్నే నేనే తీసుకెళ్తానని చెప్పాను" అనేవాడు. అత్తయ్య దిగి, కొంగు ముడి విప్పి, అతని చేతిలో ఒక రూపాయి బిళ్ళ పెట్టేవారు. అతను దాన్ని కళ్ళకద్దుకుని జేబులో వేసుకునేవాడు. నేను ఇవ్వబోయిన డబ్బు మాత్రం ఏనాడూ తీసుకోలేదు.

కొల్లూరు దగ్గర కృష్ణ ఒడ్డున ఒక లంక గ్రామం ఆవిడ పుట్టిల్లు. దీపాలు పెట్టే వేళకు వాళ్ళ అమ్మ గుమ్మంలో ఎదురుచూస్తూ ఉంటుందని ఆవిడ ఆరాటం. ఆ అమ్మ పోయి నలభై ఏళ్ళు దాటింది. మొదట్లో నేను ఆ మాటే చెప్పేదాన్ని. "మీ అమ్మ లేరు కదా అత్తయ్యా" అనగానే ఆవిడ అప్పుడే కబురు విన్నట్టు కూలబడి ఏడ్చేవారు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న, నాదీ అదే జవాబు, మళ్ళీ కొత్తగా అదే ఏడుపు. ఒక కూతురి చేత ఆవిడ తల్లి చావును నెలల తరబడి రోజూ భరింపజేశానని ఇప్పుడు తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. నాకు తెలియదు. తెలిసిన వాళ్ళెవరూ నా దగ్గరికి రాలేదు.

ఆ ఆటో అబ్బాయి ఊరికే రాలేదు. అత్తయ్య మొదటిసారి తప్పిపోయింది ఒక ధనుర్మాసంలో. నాలుగు గంటలు వెతికాం. కాలవ గట్ల మీద టార్చిలైటు వేసుకుని నడిచాం. తెనాలిలో పుట్టి పెరిగిన వాళ్ళకు తెలుసు, ఊరి మధ్యగా కాలవలు పారుతుంటాయి, రాత్రి పూట ఆ నీళ్ళ వైపు చూడాలంటే ఎంత భయమో. చివరికి బస్టాండులో ఒక బెంచీ మీద దొరికారు, చలికి ముడుచుకుని. మర్నాడు నేను ఆవిడ ఫోటో పట్టుకుని ఇంటి నుంచి బస్టాండు దాకా నడిచాను. ఆటోస్టాండు, పూల కొట్టు, మందుల షాపు, టిఫిను బండి, గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మే ఆవిడ, బస్టాండులో టీ కొట్టు. మొత్తం పదకొండు మందికి ఉన్నదున్నట్టు చెప్పాను. మా అత్తయ్యకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. కనిపిస్తే కోప్పడకండి, ఎదురు చెప్పకండి, రేపు వెళ్దాం అనండి, నాకు ఫోను చెయ్యండి.

ఇంటికి వచ్చాక పెద్ద గొడవ. ఇంటి గుట్టు వీధిలో పెట్టావన్నారు. రేపు మన పిల్లకు సంబంధాలు రావద్దా అన్నారు. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కానీ ఆ తరువాతి మూడేళ్ళలో ఆవిడ ఎన్నిసార్లు గడప దాటినా గంట లోపల ఇంటికి చేరారు. నేను ఆ ఆరేళ్ళలో చేసిన పనులన్నిటిలోకీ తెలివైన పని అదేనని ఇప్పటికీ నమ్ముతాను.

ఆరేళ్ళు ఆవిడను చూసుకున్నాను. మా ఆయన రైస్ మిల్లులో గుమాస్తా, పొద్దున వెళ్తే రాత్రికి వస్తారు. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని, రెండో ఏడు మానేశాను. ఆ ఆరేళ్ళలో నాకు దొరికిన మెప్పుకు లెక్కలేదు. "నీలాంటి కోడలు ఏ ఇంట్లో ఉంది", "పుణ్యం కట్టుకున్నావు", "దేవుడు చూస్తూనే ఉంటాడు". సలహాలకైతే కొదవే లేదు: సరస్వతి ఆకు, నానబెట్టిన బాదం పప్పు, ఫలానా ఊళ్ళో తాయెత్తు. వచ్చిన వాళ్ళు కాఫీ తాగి, అత్తయ్య చెయ్యి పట్టుకుని "నన్ను గుర్తుపట్టారా?" అని పరీక్ష పెట్టి, గుర్తుపట్టకపోతే నా వైపు జాలిగా చూసి వెళ్ళేవారు. "నువ్వు ఎన్నాళ్ళయింది నిద్రపోయి? నేను ఇక్కడ కూర్చుంటాను, రెండు గంటలు పడుకో" అని అన్నవాళ్ళు ముగ్గురు. ఆరేళ్ళకు ముగ్గురు.

నేను చెప్పదలుచుకున్నది ఈ తేడా గురించే. మెప్పు సాయం కాదు. సలహా సాయం కాదు. మతిమరుపు జబ్బు ఉన్న ఇంటికి సాయమంటే ఒక మనిషి తన రెండు గంటలు తెచ్చి ఆ ఇంట్లో పెట్టడం. మిగిలినవన్నీ ఆ తరువాతే.

జబ్బు మొదలైనప్పుడు మేము పోల్చుకోలేదు. అత్తయ్య చెయ్యి ముగ్గుకు పెట్టింది పేరు. ఇరవై ఒక్క చుక్కల ముగ్గును లెక్క తప్పకుండా, మాట్లాడుతూనే వేసేవారు. ఒక సంక్రాంతి నెలలో చుక్కలు పెట్టి, మెలిక సగంలో ఆపి, పిండి చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయారు. వాకిట్లో చుక్కలన్నీ ఉన్నాయి, వాటిని కలిపే దారి పోయింది. "కళ్ళు ఆనడం లేదే" అన్నారు. నేనూ కళ్ళజోడు మార్పించాలి అనుకున్నాను. ఆ ముందు పదేళ్ళుగా ఆవిడకు చెవులు సరిగా వినిపించేవి కావు. పెద్దతనం కదా అని ఊరుకున్నాం. వినపడక అరుగు మీద నలుగురితో కూర్చోవడం తగ్గించారు. కూర్చోవడం తగ్గాక మాట తగ్గింది. కళ్ళకు శిబిరాలు పెట్టి శుక్లాలు తీసే ఊళ్ళు మనకు చాలా ఉన్నాయి, చెవుల శిబిరం మాత్రం నేను ఎక్కడా చూడలేదు.

లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో 14 కారణాల జాబితా ఇచ్చింది. వాటిని సరిదిద్దగలిగితే ప్రపంచంలో 45 శాతం దాకా డిమెన్షియాను రాకుండా ఆపవచ్చు, లేదా వెనక్కి జరపవచ్చు అంది. వినికిడి లోపం అందులో ఒకటి. చూపు మందగించడం, బీపీ, షుగరు, పొగతాగడం, చదువు లేకపోవడం, ఒంటరితనం, మురికి గాలి కూడా ఉన్నాయి. ఆ జాబితా చదివి నేను చాలా రోజులు నన్నే నిందించుకున్నాను. తరువాత మళ్ళీ చదివితే వేరుగా కనిపించింది. ఆడపిల్లను మూడో తరగతితో ఆపేసింది ఎవరు? వినికిడి యంత్రం అందుబాటులో లేకుండా చేసింది ఎవరు? అరవై దాటిన మనిషిని ఇంట్లో మూలకు నెట్టింది ఎవరు? ఆ 14లో ఒక కోడలు ఒక్కతే సరిదిద్దగలిగినవి ఎన్ని? మెదడు ఆరోగ్యం అనగానే బాదం పప్పు, సుడోకు అని చెప్పేవాళ్ళు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పరు.

హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి ప్రకటించింది. రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవారికి జబ్బు దాదాపు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. అక్షరం రాని వారిలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో దక్ఖినీ, ఆఫీసులో హిందీ మాట్లాడే ఆ నగరం జనం అందరికీ అది గొప్ప వార్త. మెదడుకు మేత బళ్ళోనే దొరకదు, పలకరింపులోనూ బేరమాడటంలోనూ దొరుకుతుందని నాకు దాన్నుంచి అర్థమైంది. మా అత్తయ్యకు మేము దూరం చేసింది దాన్నే.

పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు డాక్టరు గారు ఒక కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నారు. అత్తయ్య కలం పట్టి ముప్పై ఏళ్ళయి ఉంటుంది. ఈ రోజు తేదీ ఎంత అని అడిగారు. "చతుర్దశి" అన్నారు. నేను ఇంటికి వచ్చి పంచాంగం చూస్తే ఆ రోజు చతుర్దశే. ఆ కాగితం మీద మాత్రం ఆ జవాబుకు మార్కు పడలేదు. జబ్బు ఉన్న మాట నిజం, డాక్టరు గారు చెప్పింది తప్పు కాదు. కానీ ఆవిడ పోగొట్టుకున్నది గడియారాన్ని కాదు, ముగ్గును. ఆ సంగతి అడిగితే ఏడాది ముందే తెలిసి ఉండేది. ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను: మతిమరుపు కనిపించగానే ఆల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) అని మీకు మీరే తేల్చేసుకోకండి. బీ12 విటమిన్ తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, మనసు కుంగినా, కిందపడి తలలో రక్తం గడ్డకట్టినా మనిషి ఇలాగే అవుతారు, వాటిలో చాలావాటికి మందుంది. ముందు పరీక్షలు చేయించండి.

మన భాషలో ఈ జబ్బుకు ఉన్న పేర్లు వినండి. చాదస్తం. మతి చలించింది. పిచ్చి పట్టింది. తెలిసీ తెలియనట్టు నటిస్తోంది. నేను "చాదస్తం" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగుతాను, అది అన్నిటికంటే ముద్దుగా వినిపిస్తుంది కాబట్టి. చాదస్తం అంటే స్వభావం. స్వభావానికి వైద్యం ఉండదు, సాయం అక్కర్లేదు, మహా అయితే ఓర్పు కావాలి. ఆ ఓర్పు కోడలి దగ్గర ఉండాలి. ఒక్క మాటతో జబ్బు మాయమై, ఆ బరువంతా ఒక ఆడదాని గుణగణాల మీదికి వచ్చిపడుతుంది.

జపాన్‌లో దీనికి "చిహో" అనే పాత మాట ఉండేది. తెలివితక్కువతనం అనే అర్థం వచ్చే అక్షరాలతో రాసేవారు. 2004లో ప్రభుత్వం ఆ మాటను పక్కనపెట్టి "నిన్‌చిషో" అనే కొత్త పేరు తెచ్చింది. ఆ మరుసటి ఏడు నుంచి మామూలు జనానికి గంటన్నర పాఠం చెప్పడం మొదలుపెట్టారు. బ్యాంకు గుమాస్తాలు, దుకాణదారులు, బడి పిల్లలు, బస్సు డ్రైవర్లు కూర్చుని నేర్చుకున్నారు. నేర్చుకున్న వాళ్ళకు చేతికి కట్టుకోవడానికి నారింజ రంగు పట్టీ ఇచ్చేవారు. అలాంటివాళ్ళు ఇప్పుడు కోటి మంది పైనే. మా ఆటో అబ్బాయికి ఎవరూ పట్టీ కట్టలేదు, పాఠం నేను చెప్పింది పది నిమిషాలే. అయినా "ఆఖరి బస్సు వెళ్ళిపోయింది, పొద్దున్నే తీసుకెళ్తాను" అన్న మాట అతను సొంతంగా కనిపెట్టాడు. ఆ మాటలో అబద్ధం ఉందని ఎవరైనా నాతో వాదిస్తే నేను ఒప్పుకోను. ఆవిడ ఆరాటం నిజం, దాన్ని అతను గౌరవించాడు.

మన దేశంలో అరవై దాటిన వారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. మగవారిలో కంటే ఆడవారిలో, పట్నాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ. 88 లక్షల మంది రోగులంటే వాళ్ళ వెనక రాత్రి నిద్రలేని మనుషులు కనీసం మరో 88 లక్షల మంది. ఆ రెండో లెక్క ఎవరూ వెయ్యరు. మొదటి నుంచీ అంతే. ఆల్జీమర్స్ జబ్బుకు పేరు తెచ్చిన రోగి ఆగస్టె డెటర్ 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరేనాటికి ఆవిడ వయసు 51. డాక్టరు ఆలోయిస్ ఆల్జీమర్ ఆవిడ మాటలన్నీ రాసుకున్నాడు, ఆవిడ పోయాక 1906లో ట్యూబింగెన్‌లో ఆ కేసు గురించి చెప్పాడు. వైద్య చరిత్రలో డాక్టరు ఉన్నాడు, రోగి ఉంది. ఆవిడ భర్త ఒక రైల్వే గుమాస్తా. ఆసుపత్రికి తెచ్చే ముందు ఆ ఇంట్లో రాత్రులు ఎలా గడిచాయో, ఎవరు మేలుకుని ఉన్నారో చెప్పే కాగితం ఏదీ నా కంటపడలేదు.

"ఉమ్మడి కుటుంబాలు పోవడం వల్లే ఈ కష్టం" అని మా పెద్దలు అంటారు. ఈ మాట మీద నాకు ఎప్పుడూ కోపమే. నేను ఉమ్మడి కుటుంబంలోనే పుట్టాను. మా తాతమ్మకు ఇదే జబ్బు అని ఇప్పుడు నాకు తెలుస్తోంది. ఆ ఇంట్లో పద్నాలుగు మందిమి ఉండేవాళ్ళం. తాతమ్మ పక్క బట్టలు ఉతికింది మా అమ్మ ఒక్కతే. రాత్రి లేచి గడియ పెట్టింది మా అమ్మ ఒక్కతే. మిగతా పన్నెండు మంది పెద్దావిడను బాగా చూసుకుంటున్నాం అనే మాట చెప్పుకున్నారు. ఇల్లు పెద్దదైనంత మాత్రాన పని పంచుకున్నట్టు కాదు. ఇప్పుడు మనకు కావలసింది ఆ పాత ఇల్లు కాదు, ఆ పాత ఇంట్లో ఎన్నడూ జరగని పంపకం.

విదేశాల్లో ఉన్న పిల్లల గురించి కూడా చెప్పాలి. మా మరిది అమెరికాలో ఉంటాడు. ఆదివారం వీడియో కాల్ చేస్తే అత్తయ్య ఎక్కడలేని ఓపికా తెచ్చుకునేవారు. "తిన్నావా నాయనా, అక్కడ చలా?" అని పది నిమిషాలు ముత్యాల్లా మాట్లాడేవారు. ఫోను పెట్టేశాక "ఆ అబ్బాయి ఎవరే?" అని నన్ను అడిగేవారు. అతనికి మాత్రం ఆ పది నిమిషాలే తెలుసు. "అమ్మ బాగానే ఉంది కదా వదినా, నువ్వే ఎక్కువ కంగారు పడుతున్నావు" అనేవాడు. అతను చెడ్డవాడు కాదు, డబ్బు వేళకు పంపేవాడు. నేను ఒకసారి రాత్రి రెండు గంటలకు, అతనికి పట్టపగలు, ఫోను చేసి ఏమీ మాట్లాడకుండా కెమెరా అత్తయ్య వైపు తిప్పి పెట్టాను. ఆవిడ బీరువాలో బట్టలన్నీ కింద పోసి, మంగళసూత్రం ఎవరో దొంగిలించారని వెతుకుతున్నారు. అది ఆవిడ మెడలోనే ఉంది. ముప్పావు గంట చూశాడు. ఆ నెలాఖరుకు టిక్కెట్టు కొనుక్కుని వచ్చాడు. మూడు వారాలున్నాడు, వాళ్ళ అమ్మకు స్నానం తనే చేయించాడు. దూరాన ఉన్న పిల్లలకు నేను చెప్పేది ఇదే: డబ్బుతో పాటు మీ సెలవు పంపండి. ఏడాదికి మూడు వారాలు ఆ ఇంట్లో మనిషికి తీరిక ఇవ్వండి.

స్నానం అన్నాను కదా. ఈ జబ్బులో అన్నిటికంటే కష్టమైన గంట అది. తల మీద చెంబెడు నీళ్ళు పోయగానే ఆవిడ మునిగిపోతున్నట్టు కేకలు పెట్టేవారు, గోళ్ళతో రక్కేవారు. ఒక రోజు నేను చెయ్యి ఎత్తాను. కొట్టలేదు. ఎత్తిన చెయ్యి చూసి ఆవిడ తల వంచుకుని, చిన్నపిల్లలా రెండు చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఆ రాత్రి నేను మనసు బాగోనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌కు, 14416కు ఫోను చేశాను. అవతల అమ్మాయి నన్ను తప్పుపట్టలేదు, మీరు ఎన్ని రోజులుగా ఒంటరిగా చేస్తున్నారు అని అడిగింది. ఆ ప్రశ్నకే ఏడుపు వచ్చింది. ఆ తరువాత ఒక ఆసుపత్రి వరండాలో చీటీ కోసం కూర్చున్నప్పుడు, తన భర్తను తీసుకొచ్చిన ఒక పెద్దావిడ చెప్పింది: "తల మీద పొయ్యకమ్మా. ముందు పాదాల మీద పొయ్యి, చెంబు ఆవిడ చేతికే ఇయ్యి, ఒంటి మీద తువ్వాలు ఉంచు." మర్నాడు అలాగే చేశాను. అత్తయ్య తన పాదాల మీద తనే నీళ్ళు పోసుకుని, నా పాదాల మీద కూడా పోశారు. రెండేళ్ళ యుద్ధం ఒక్క వరండా మాటతో ఆగింది.

ఆ మాట నా దగ్గరికి రెండేళ్ళ ముందు ఎందుకు రాలేదు? ఇదేమీ న్యూరాలజిస్టు మాత్రమే చెప్పగల రహస్యం కాదు. గోవాలో ఒక ప్రయోగం చేశారు, 2008లో ఫలితాలు ప్రచురించారు. 81 కుటుంబాలను తీసుకున్నారు. స్థానికంగా ఇంటర్ దాకా చదివిన వాళ్ళకు కొద్ది రోజుల శిక్షణ ఇచ్చి, సగం ఇళ్ళకు పంపారు. వాళ్ళు ఆ ఇళ్ళకు వెళ్ళి జబ్బు అంటే ఏమిటో చెప్పారు, ఎలా మాట్లాడాలో చూపించారు, చూసుకునే మనిషి గోడు విన్నారు. అంతే. ఆ ఇళ్ళలో చూసుకునేవారి మనోవేదన తగ్గింది. కొత్త మందు లేదు, యంత్రం లేదు. మన దగ్గర ప్రతి పల్లెలో ఆశా కార్యకర్త ఉంది, అంగన్‌వాడీ ఉంది, డ్వాక్రా సంఘం ఉంది. పొదుపు లెక్కలు నేర్పి లక్షల మంది ఆడవాళ్ళను బ్యాంకు మెట్లెక్కించిన సంఘాలు ఈ పాఠం నేర్చుకోలేవా? ఆశాల మీద ఇప్పటికే మోయలేని పని ఉందని తెలుసు. అందుకే జీతం ఇచ్చి, దీని కోసమే మనిషిని పెట్టమంటున్నాను.

ఇంకొక సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదటి రోజున సచివాలయం ఉద్యోగి పింఛను పట్టుకుని ఇంటికి వస్తారు. 2024 జులై నుంచి వృద్ధులకు 4 వేలు, దివ్యాంగులకు 6 వేలు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15 వేలు ఇస్తున్నారు. మంచి పనే, కాదనను. మా అత్తయ్య వేలిముద్ర కూడా అలాగే తీసుకునేవారు. కానీ చివరి దాకా ఆవిడ నడుస్తూనే ఉన్నారు. నడిచే మనిషి ఏ ఫారంలోనూ పెద్ద వికలాంగురాలు కాదు. మంచాన పడితే ఒకరు పక్కన ఉంటే చాలు, నడిచే డిమెన్షియా రోగికి ఇరవై నాలుగు గంటలూ ఒక జత కళ్ళు కావాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను లెక్కపెట్టింది. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) పేరు ఉంది, డిమెన్షియా పేరు లేదు. దీర్ఘకాలిక నరాల జబ్బు అనో, మానసిక రుగ్మత అనో పక్క వరుసలో ఇరికించుకోవాలి. ఆ పేరు అక్కడ రాయాలి. అది రాయడానికి ఖజానా ఖాళీ అవ్వదు.

నెలకొకసారి ప్రభుత్వం పింఛను తీసుకునే ప్రతి వృద్ధుని గుమ్మం ముందు నిలబడుతోంది కదా. ఆ నిలబడిన రెండు నిమిషాల్లో వేలిముద్రతో పాటు ఒక ప్రశ్న అడగవచ్చు: "ఈ నెలలో పెద్దావిడ దారి తప్పారా? మీకు రాత్రి నిద్ర పడుతోందా?" అవునంటే ఆ పేరు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి, అక్కడి నుంచి ఒక మనిషి ఆ ఇంటికి రావాలి. పెద్దల కోసం 14567 అనే ఫోను నంబరు ఉంది, మంచిదే. ఆల్జీమర్స్ రోగుల కుటుంబాల కోసం 1992లో కొచ్చిలో మొదలైన ఏఆర్‌డీఎస్ఐ సంస్థకు హైదరాబాదులో శాఖ ఉంది. కానీ తెనాలిలో అత్తయ్యను ఎవరి మీదా వదలలేని కోడలు హైదరాబాదు సమావేశానికి ఎలా వెళ్తుంది? సాయం గుమ్మం దాకా రాకపోతే, ఈ జబ్బు విషయంలో అది లేనట్టే.

గుమ్మం లోపలికి రావడంలో ఇంకో అడ్డు ఉంది. చెప్పకుండా దాటేస్తే నాకు నిద్ర పట్టదు. అత్తయ్య జబ్బుకు ముందు మడీ ఆచారం గట్టిగా పాటించేవారు. వెనక వీధి నుంచి గిన్నెలు తోమడానికి వచ్చే ఆవిడ వంటింటి గడప దాటకూడదు, తాగడానికి వేరే గ్లాసు. ముగ్గురన్నాను కదా, మొదటగా "నేను కూర్చుంటాను, నువ్వు పడుకో" అన్నది ఆవిడే. నేను లేచేసరికి రెండు గంటలు కాదు, మూడున్నర గంటలు అయింది. అత్తయ్య వంటింట్లో పీట మీద కూర్చుని, ఆవిడ చేత్తో కలిపి పెడుతున్న పెరుగన్నం తింటున్నారు. నా చేతి ముద్దను నెలరోజులుగా ఉమ్మేస్తున్న మనిషి, నోరు తెరిచి అడిగి తింటున్నారు. నేను గడపలో నిలబడిపోయాను. ఇరవై ఏళ్ళు మేము ఆ గడప అవతల నిలబెట్టిన మనిషి మా ఇంట్లో అందరికంటే ముందు చేసిన పని అది. ఆవిడకు ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, ఆ రోజు వేరే గ్లాసు తీసి పారేశాను. పొరుగువారు ఒకరికొకరు తోడుండాలి అని రాసేవాళ్ళు, ఏ పొరుగును ఏ గుమ్మం దాకా రానిస్తున్నామో కూడా రాయాలి. మడి కట్టుకున్న వీధిలో రెండు గంటలు పంచుకోవడం కుదరదు.

ఐదో ఏడు మా చుట్టుపక్కల వీధుల్లో ఇలాంటి ఇళ్ళు ఇంకో నాలుగు ఉన్నాయని మందుల షాపు అతని ద్వారా తెలిసింది. ఒకే రకం మాత్రలు కొంటున్నామని అతను గమనించాడు, మమ్మల్ని అడిగి, మేము ఒప్పుకున్నాకే ఒకరికొకరిని కలిపాడు. ఐదు ఇళ్ళ వాళ్ళం ఒక మాట అనుకున్నాం. వారానికి ఒకసారి, ఒక ఇంటి మనిషి మరో ఇంట్లో రెండు గంటలు కూర్చోవాలి. ఇది చెప్పినంత సులువుగా జరగలేదు. ఒకరు రెండు వారాల తరువాత మానేశారు. ఒక ఇంట్లో మగపిల్లలు "బయటివాళ్ళెందుకు" అని ఆపేశారు. ఇంకొకరికి తన మామగారు బయటివాళ్ళ ముందు బట్టలు విప్పేస్తారని సిగ్గు. ఆ సిగ్గు పోవడానికి నాలుగు నెలలు పట్టింది. చివరికి మిగిలింది మూడు ఇళ్ళు. మూడే. ఆ మూడు ఇళ్ళ పుణ్యమా అని నేను రెండేళ్ళ తరువాత మొదటిసారి పంటి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్ళాను, మా అమ్మాయి బడి వార్షికోత్సవంలో చివరి దాకా కూర్చున్నాను.

అత్తయ్య పోయి ఏడాది దాటింది. పోయే ముందు నాలుగు నెలలు ఆవిడ నన్ను "అమ్మా" అని పిలిచారు. కొల్లూరు బస్సు అడగడం మానేశారు. ఆటో అబ్బాయి పదకొండో రోజున వచ్చి భోజనం చేసి, కొంగు ముళ్ళలోంచి వచ్చిన రూపాయి బిళ్ళలన్నీ ఒక మందుల డబ్బాలో వేసి తెచ్చి నా చేతికిచ్చాడు. నేను లెక్కపెట్టలేదు.

ఇప్పుడు నేను గురువారాలు రెండు వీధుల అవతల ఒక ఇంటికి వెళ్తున్నాను. అక్కడ పెద్దాయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. నాలుగయ్యేసరికి చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని, డ్యూటీకి వేళయిందని లేస్తారు. మొన్న గురువారం నన్ను చూసి "లైను క్లియరయిందా?" అని అడిగారు. ఇంకా అవలేదండీ, బండి దుగ్గిరాలలో ఉంది అన్నాను. "అయితే టైముంది" అని కూర్చుని, నాకు కూడా కుర్చీ చూపించారు. ఆయన భార్య చెప్పులు వేసుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది, వెళ్ళాలో వద్దో తేల్చుకోలేక. వెళ్ళండి పిన్నిగారూ అన్నాను. ఆవిడ ఎక్కడికి వెళ్తుందో నేను ఎప్పుడూ అడగను. ఆరింటికి తిరిగి వచ్చేసరికి ఆవిడ తలలో మల్లెపూలున్నాయి.